మన ఉన్నత పాఠశాలలలో వృత్తివిద్య

పదవ తరగతి పరీక్షాఫలితములు వెలువడిన వారము దినములలో ప్రతి గ్రామమునందును ఒకే ప్రశ్న వినవచ్చుచుండును. పిల్లవానిని ఇక నేమి చదివింపవలెను? అమ్మాయిని ఎచ్చటికి పంపవలెను? పట్టణములలో ఈ ప్రశ్నకు సమాధానము చెప్పగలవారు పలువురు కలరు. గ్రామములలో అట్టివారు తక్కువ. అందుచే చదువు సాగించుట, లేదా మాన్పించుట అను రెండు దారులే తల్లిదండ్రులకు కానవచ్చుచున్నవి. ఈ రెండింటికిని నడుమ మూడవ దారి యొకటి కలదు. అది వృత్తివిద్య. ఆ దారి మన జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల గుమ్మము వఱకు వచ్చుటకు ఏమి కావలెనో, వచ్చినపుడు దానిని మన పిల్లలు ఎట్లు ఉపయోగించుకొనవలెనో ఈ పాఠమున వివరింపదలచితిమి.

ఈ విద్య మనకేల?

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలకును, 2022 ఏప్రిల్ 4న వీనినుండి ఏర్పడిన పార్వతీపురము మన్యము జిల్లాకును వలస క్రొత్త విషయము కాదు. మన తాతలనాడు ఈ తీరమునుండి వేలకొలది కూలీలు ఓడలెక్కి రంగూనుకు పోయిరి. తరువాతి తరములవారు రైలెక్కి హైదరాబాదు, చెన్నై, విజయవాడ నగరములలో కట్టడపు పనులకు పోవుచున్నారు. తీరగ్రామముల మత్స్యకారులు గుజరాతులోని వేరావల్ రేవునకు పోయి పరుల మరపడవలపై నెలల తరబడి పని చేయుచున్నారు. అట్లు పోయినవారిలో కొందరు 2018 నవంబరులో సముద్రముపై పాకిస్తానువారికి చిక్కి, 2020 జనవరి వఱకు ఇల్లు చేరలేకపోయిన సంగతి పాఠకులకు తెలిసినదే.

2014 జూన్ 28న చెన్నై శివార్లలోని మౌలివాక్కములో కట్టుచున్న 11 అంతస్తుల భవనము కూలి 61 మంది మరణించిరి. మృతులలో మన ఉత్తరకోస్తా జిల్లాలవారు అనేకులు. వృత్తివిద్యా పత్రము కూలిపోవు గోడను ఆపగలదని మేము చెప్పము. కాని ఒక మాట ఆలోచింపదగియున్నది. ఇసుక తట్ట మోయుటకు మాత్రమే పోయినవానికి మేస్త్రీ చెప్పినదే వేదము. కూలి ఎంతయని అడుగుటకు గాని, ఈ పని ప్రమాదకరమని చెప్పుటకు గాని, వేరొకచోటికి పోవుదునని అనుటకు గాని అతనికి బలము లేదు. కాంక్రీటు పాళ్లు తెలిసినవాడు, కడ్డీ కట్టుట నేర్చినవాడు, నకలుపటమును చదువగలవాడు అట్లు కాదు. పని అతనిని వెదకుకొని వచ్చును. వలస పోవుట తప్పు కాదు. వట్టి చేతులతో పోవలసివచ్చుటయే కష్టము. చేతిలో విద్య యున్నవాడు ఇష్టమైనచో పోవును, లేనిచో ఊరనే యుండును.

వృత్తివిద్య యనగా నేమి?

వృత్తివిద్య యనగా కేవలము చేతిపని కాదు. చేతిపని తండ్రివద్దనో, షాపువద్దనో చూచి నేర్చుకొనవచ్చును. ఆ పని ఎందుచే అట్లు జరుగుచున్నదో కారణము తెలిసికొని చేయుట వృత్తివిద్య. దీనికి మన పొలములలోని మోటారునే ఉదాహరణముగా తీసికొందము.

ఒక అశ్వశక్తి యనగా 746 వాట్లు. 5 అశ్వశక్తుల మూడు ఫేజుల మోటారు 415 వోల్టుల వద్ద పూర్తి భారముతో నడుచునపుడు సుమారు 7 నుండి 8 ఆంపియర్ల విద్యుత్తు తీసికొనును. బయలుదేరునపుడు దీనికి అనేకరెట్లు తీసికొనును. వోల్టేజి పడిపోయినచో అదే భారమును లాగుటకు మోటారు మరింత ఎక్కువ ఆంపియర్లు గుంజుకొనును. తీగలో పుట్టు వేడి ఆంపియర్ల వర్గమును అనుసరించి పెరుగును. అనగా ఆంపియర్లు రెట్టింపైనచో వేడి నాలుగు రెట్లగును. మూడు ఫేజులలో ఒకటి పోయినను ఇదే ప్రమాదము. ప్రతి వేసవిలోను మన ఊళ్లలో మోటార్లు కాలిపోవుటకు ముఖ్యకారణములు ఇవియే.

ఈ లెక్కలో ఉన్నదంతయు ఉన్నత పాఠశాల భౌతికశాస్త్ర పుస్తకములోనిదే. ఐనను పదవ తరగతి ముగించిన బాలుడు కాలిన మోటారును చూచి కారణము చెప్పలేడు. మోటారు చుట్టువాడు కారణము తెలియకయే తీగ చుట్టుచున్నాడు. పుస్తకమునకును పనిముట్టునకును నడుమనున్న ఈ అగాధముపై వంతెన కట్టుటయే వృత్తివిద్య చేయవలసిన పని.

గడచిన ప్రయత్నములు నేర్పిన పాఠములు

ఈ ఆలోచన నేటిది కాదు. 1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన విద్యాసదస్సులో గాంధీమహాత్ముడు చేతిపని మూలముగా విద్య గరపవలెనని ప్రతిపాదించెను. డాక్టర్ జాకీర్ హుస్సేన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘము దానికి పాఠ్యప్రణాళిక కూర్చెను. బేసిక్ పాఠశాలలలో తకిలీపై నూలు వడికిన వృద్ధులు నేటికిని మన గ్రామములలో కలరు. అచ్చట నూలు వడకుట జరిగినది గాని, నూలుద్వారా గణితమును, శాస్త్రమును చెప్పుట పెక్కుచోట్ల జరుగలేదు. పని యాంత్రికమైనది. కలవారి పిల్లలు వేరు పాఠశాలలకు పోయిరి.

1953లో నాటి మద్రాసు రాష్ట్రమున ముఖ్యమంత్రి చక్రవర్తి రాజగోపాలాచారి గ్రామ ప్రాథమిక పాఠశాలలలో బడివేళలు తగ్గించి, మిగిలిన కాలమున పిల్లలు ఇంటివృత్తి నేర్చుకొనవలెనను పథకమును ప్రవేశపెట్టెను. కుమ్మరి బిడ్డ కుమ్మరియే, చాకలి బిడ్డ చాకలియే కావలెనా యని ప్రజలు తీవ్రముగా ఎదిరించిరి. 1954లో ఆ పథకము రద్దయ్యెను. ఆ ప్రజల మాట న్యాయమైనది. వృత్తిని కులము నిర్ణయింపరాదు. బిడ్డ అభిరుచి నిర్ణయింపవలెను. "మా పిల్లవాడు చదువుకొనవలెను గాని పని నేర్చుకొననేల?" యని నేడొక తల్లి అడిగినచో, ఆమె అజ్ఞానముచే అడుగుటలేదు. తరతరముల అనుభవము ఆమె నోట పలుకుచున్నది. వృత్తివిద్య వలన పైచదువు దారి మూసికొనిపోదని ఆమెకు చూపించిన నాడే ఆమె నమ్మును.

1952-53లో మాధ్యమిక విద్యాసంఘము బహుళార్థసాధక ఉన్నత పాఠశాలలను సూచించెను. దాని అధ్యక్షుడు, కర్నూలులో జన్మించిన డాక్టర్ ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియారు. ఒకే పాఠశాలలో శాస్త్రము, వ్యవసాయము, సాంకేతికము, వాణిజ్యము, గృహవిజ్ఞానము నేర్పుట ఆయన ఆశయము. ఈ పాఠశాలలకు వలయు ఉపాధ్యాయులను తయారుచేయుటకు 1963లో అజ్మీరు, భోపాలు, భువనేశ్వరము, మైసూరు నగరములలో ప్రాంతీయ విద్యా కళాశాలలు వెలసినవి. ఐనను పనిముట్లును, నేర్పువారును చాలక ఆ పాఠశాలలు క్రమముగా మామూలు పాఠశాలలైనవి.

1964-66 నాటి కొఠారీ సంఘము వృత్తివిద్యను మరల నొక్కి చెప్పెను. 1986 జాతీయ విద్యావిధానము, ఉన్నత మాధ్యమిక విద్యార్థులలో 1990 నాటికి నూటికి 10 మంది, 1995 నాటికి 25 మంది వృత్తివిద్యలో ఉండవలెనని గమ్యము నిర్ణయించెను. గమ్యము చేరలేదు. 2020 జాతీయ విద్యావిధానము ఉదహరించిన అంచనాల ప్రకారము, 19 నుండి 24 సంవత్సరముల వయసుగల పనివారిలో క్రమబద్ధమైన వృత్తివిద్య పొందినవారు మన దేశమున నూటికి 5 మందికన్న తక్కువ. అమెరికాలో 52, జర్మనీలో 75, దక్షిణ కొరియాలో 96 మంది కలరు.

ఈ చరిత్రనుండి మనము గ్రహింపవలసిన నీతి స్పష్టముగా నున్నది. ఆశయములు తప్పుగా లేవు. నేర్పువాడు, పనిముట్టు, పైకి పోవు దారి, ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినను పథకము కాగితముపైననే నిలిచిపోయినది.

నేడు తెరచియున్న ద్వారములు

మొదటి ద్వారము పాఠశాలలోనే కలదు. 2013 డిసెంబరులో కేంద్రప్రభుత్వము జాతీయ నైపుణ్య అర్హతల చట్రమును ప్రకటించెను. ఏ వృత్తిలో ఎంత నేర్చినచో ఏ మెట్టునకు చేరుదురో ఇది చెప్పును. ఈ పద్ధతి ననుసరించి ఎంపికైన పాఠశాలలలో 9, 10 తరగతులనుండియే ఒక వృత్తి విషయమును మామూలు చదువుతోబాటు నేర్పుదురు. వ్యవసాయము, ఎలక్ట్రానిక్సు, వాహనముల మరమ్మత్తు, దుస్తుల తయారీ, ఆరోగ్యసేవ, పర్యాటకము మున్నగునవి ఇట్టి విషయములు. 2020 విధానము 6 నుండి 8 తరగతుల నడుమ ఎప్పుడైనను పిల్లలకు పది దినములు పుస్తకముల సంచి లేకుండ స్థానిక వృత్తిదారులవద్ద గడపు అవకాశమును గూడ సూచించినది.

రెండవది ఇంటర్మీడియట్ వృత్తివిద్య. ఇది రెండు సంవత్సరములు. ప్రభుత్వ జూనియర్ కళాశాలలలో విద్యుత్ పనులు, పంటల సాగు, పశుపాలన, కట్టడ నిర్మాణము, ప్రయోగశాల సాంకేతికము, ఆరోగ్య కార్యకర్తల శిక్షణ మొదలగు కోర్సులు కలవు. ఒక్కొక్క కళాశాలలో ఒక్కొక్క కోర్సు ఉండును. ఇది ఇంటర్మీడియట్ చదువుతో సమానమైనది. పైకి పోదలచినవారు బ్రిడ్జి కోర్సు పరీక్ష కూడ వ్రాసి, తమ కోర్సునకు అనుగుణమైన పట్టభద్ర విద్యలో చేరవచ్చును.

మూడవది ఐ.టి.ఐ. దేశమున కార్మికుల శిక్షణ పథకము 1950లో ఆరంభమైనది. కొన్ని వృత్తులకు 8వ తరగతియు, పెక్కింటికి 10వ తరగతియు అర్హత. ఫిట్టరు, ఎలక్ట్రీషియను, వెల్డరు, డీజిలు మెకానిక్కు మున్నగు వృత్తులు ఇందు నేర్పుదురు. ఇచ్చటినుండి 1961 అప్రెంటిసుల చట్టము క్రింద కర్మాగారములలో భృతితో పని నేర్చుకొనవచ్చును.

నాల్గవది పాలిటెక్నిక్. పదవ తరగతి పిమ్మట పాలిసెట్ ప్రవేశ పరీక్ష వ్రాయవలెను. శ్రీకాకుళము, విజయనగరము పట్టణములలో ప్రభుత్వ పాలిటెక్నిక్‌లు కలవు. డిప్లొమా ముగించినవారు ఈసెట్ పరీక్ష వ్రాసి ఇంజనీరింగు రెండవ సంవత్సరములో నేరుగా చేరవచ్చును. కావున వృత్తివిద్య చదువునకు ముగింపు కాదని తల్లిదండ్రులు గుర్తింపగోరుదుము.

ఉద్యోగమునకు ఇది పనికివచ్చునా యని సందేహించువారికి ఒక దృష్టాంతము. 2019 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశములో గ్రామసచివాలయములు ప్రారంభమైనవి. వాని నిమిత్తము జరిగిన నియామకములలో గ్రామ విద్యుత్ సహాయకుల ఉద్యోగమునకు పదవ తరగతితోబాటు ఐ.టి.ఐ. ఎలక్ట్రికల్ గాని, విద్యుత్ పనులకు సంబంధించిన ఇంటర్మీడియట్ వృత్తివిద్య గాని అర్హతగా నిర్ణయించిరి. బి.ఎ., బి.కాం. పట్టము మాత్రమే యున్నవారికి ఆ ద్వారము తెరువబడలేదు. ఇట్టి అవకాశములు ప్రతి సంవత్సరము రావు. వచ్చిననాడు అర్హత చేతిలో నుండవలెను.

ఏ పాఠశాలకు ఏ వృత్తి?

ఒకే కోర్సును అన్ని పాఠశాలలకు పంచిపెట్టుట సులభము. కాని ఆ ఊరికి పనికిరాని వృత్తి నేర్పినచో పిల్లలు నేర్చినది మరచిపోవుదురు. మన ప్రాంతమున చూచి ఎంచుకొనుటకు వృత్తులకు కొదవలేదు.

సాలూరు లారీలకు ప్రసిద్ధి. అచ్చటి షెడ్లలో బాడీ కట్టుట, వెల్డింగు, ఇంజను మరమ్మత్తు, రంగులు వేయుట నేర్పగల పనివారు కలరు. ఆ పరిసర పాఠశాలలలో వాహనముల మరమ్మత్తు కోర్సు పెట్టినచో ప్రయోగశాల ఊరిలోనే యున్నది. పలాస, కాశీబుగ్గలలో జీడిపప్పు పరిశ్రమ కలదు. ఉద్దానములో కొబ్బరి, జీడి, పనస పండును. పండినది పండినట్లే అమ్ముకొనక, శుభ్రపరచుట, నిలువచేయుట, పొట్లము కట్టుట నేర్చినచో లాభములో ఒక భాగము ఊరిలో నిలుచును. రాజాము, నెల్లిమర్ల, బొబ్బిలి ప్రాంతము గోగునారకును, జనపనార మిల్లులకును పేరుపడినది. మిల్లులు మూతపడిన దినములలో కార్మికులు పడిన అవస్థ ఎరిగిన వారము గనుక, ఒక యంత్రమునకు మాత్రమే కట్టుబడని ఫిట్టరు, ఎలక్ట్రీషియను విద్యలు అచ్చటి పిల్లలకు మేలు. పైడిభీమవరములో ఔషధ పరిశ్రమలు కలవు. రసాయన శాస్త్రముతో కూడిన ప్రయోగశాల పనిని, భద్రతానియమములను నేర్చినవారు అచ్చట వట్టి కూలీలుగా చేరనక్కరలేదు.

తీరగ్రామములలో మరపడవ ఇంజను బాగుచేయుట, దిక్కు చూపు సాధనమును వాడుట, చేపలను మంచులో పెట్టి చెడకుండ కాపాడుట నేర్పదగిన విద్యలు. నడిసముద్రమున ఇంజను ఆగినపుడు మెకానిక్కు దొరకడు. పడవలో నున్నవానికే ఆ విద్య రావలెను.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినది. వేలకొలది విద్యుత్ స్తంభములు నేలకొరిగినవి. తోటలు కూలినవి. ఇతర జిల్లాలనుండి సిబ్బంది వచ్చి దీపములు వెలిగించువఱకు గ్రామములు చీకటిలో నుండినవి. వచ్చినవారికి మనము కృతజ్ఞులము. ఐనను ప్రతి మండలమున స్తంభమెక్కగల, తీగ లాగగల, భద్రత తెలిసిన యువకులు ఇరువదిమంది యున్నచో ఎన్ని రాత్రులు కలసివచ్చునో ఆలోచింపుడు.

ఉద్దానము మూత్రపిండముల వ్యాధితో చాలకాలముగా బాధపడుచున్నది. 2023 డిసెంబరు 14న పలాసలో మూత్రపిండముల పరిశోధన కేంద్రమును, 200 పడకల ఆసుపత్రియును ప్రారంభమైనవి. హిరమండలము జలాశయమునుండి గొట్టముల ద్వారా ఆ గ్రామములకు త్రాగునీరు చేర్చు పథకమును అదే సమయమున ప్రారంభించిరి. డయాలిసిస్ యంత్రము నడపుటకు, రక్తపరీక్ష చేయుటకు, పంపులు, గొట్టములు చెడినపుడు బాగుచేయుటకు శిక్షితులైన చేతులు కావలెను. ఆ చేతులు ఉద్దానము బిడ్డలవే యైనచో, తమ తల్లిదండ్రుల బాధ తీర్చుటతోబాటు తమ జీవనమును గూడ గడుపుకొందురు.

మన ప్రాచీన వృత్తులు కూడ ఈ లెక్కలోనివే. పొందూరులో వాలుగచేప దవడతో పత్తి దువ్వి, ఏకులను అరటిదొప్పలో భద్రపరచి, నూరవ నంబరు సన్ననూలు వడకు స్త్రీల నైపుణ్యము దేశమున మరెచ్చటను అంత సులభముగా దొరకదు. బొబ్బిలి చెంత గొల్లపల్లిలో పనసదుంగను తొలిచి వీణలు చేయుదురు. బుడితిలో ఇత్తడి పాత్రలు పోయుదురు. ఈ విద్యలు కుటుంబముల నడుమనే దాగియున్నచో కుటుంబముతోబాటు అంతరించును. పాఠశాల ద్వారా ఇష్టమున్న ఎవరికైనను నేర్పినచో బ్రతుకును. ఐతే నేర్పుటతో సరిపోదు. వడకినదానికి తగిన కూలి గిట్టనిచో ఏ బాలికయు రాట్నము ముందు కూర్చుండదు. రూపకల్పన, లెక్కలు, అమ్మకము కూడ ఆ విద్యలో భాగములు కావలెను.

నేర్పువాడు, పనిముట్టు

మంచి వృత్తివిద్యకు గుర్తు తరగతిగోడపై వ్రాసిన పేరు కాదు. పిల్లల చేతులు. వారమున ఎన్ని గంటలు పనిముట్టు పట్టిరి? చెడిన వస్తువును విప్పి మరల కూర్చిరా? ఈ రెండు ప్రశ్నలు అడిగినచో చాలును.

చాల పాఠశాలలలో వృత్తి బోధకులు తాత్కాలికముగా, శిక్షణ సంస్థల ద్వారా నియమింపబడుచున్నారు. బోధకుడు నడుమ మారిపోయినచో కోర్సు కుంటుపడును. అందుచే స్థానిక వృత్తిదారులను ఆహ్వానించి, ఉపాధ్యాయునితో జతపరచుట మంచిది. వెల్డింగు షెడ్డు యజమాని పదవ తరగతి చదువకపోవచ్చును. కాని మంట రంగును చూచి వేడి ఎంతయో చెప్పగలడు. ఆ వేడికి ఇనుము కరగుటకు కారణమేమో సైన్సు ఉపాధ్యాయుడు చెప్పును. ఇద్దరును కలిసినపుడే విద్య పూర్ణమగును. జర్మనీలో అమలునందున్న పద్ధతి సారాంశము కూడ ఇదియే. అచ్చట వృత్తి నేర్చుకొనువాడు ఒడంబడికపై వారమున మూడు నాలుగు దినములు కర్మాగారములో పని నేర్చుకొని, మిగిలిన దినములు వృత్తి పాఠశాలలో చదువుకొనును.

పనిముట్లు కొన్న తరువాత తాళము వేసి ఉంచు అలవాటు కొన్నిచోట్ల కలదు. విరిగిపోవునని భయము. విరుగని పనిముట్టు వాడబడని పనిముట్టే. తీగ, కడ్డీ, గుడ్డ, విత్తనము వంటి ఖర్చగు సామగ్రికి ఏటేట కొంత సొమ్ము కేటాయింపనిచో మొదటి సంవత్సరము కొన్న యంత్రము రెండవ సంవత్సరమునకు అలంకారమగును.

ఒక హెచ్చరిక. వృత్తివిద్య వేరు, బాలకార్మికత వేరు. 14 సంవత్సరములు నిండని బిడ్డను పనిలో పెట్టుకొనుట చట్టవిరుద్ధము. 18 సంవత్సరములు నిండనివారిని ప్రమాదకరమైన పనులలో నియమింపరాదు. శిక్షణ పేరుతో పిల్లలచేత జీతము లేని చాకిరి చేయించు చోటు షెడ్డైనను, కర్మాగారమైనను, దానిని తల్లిదండ్రులు నిలదీయవలెను.

బాలికల సంగతి

వృత్తివిద్య యనగానే బాలికలకు కుట్టుపని యని నిర్ణయించుట మన అలవాటు. కుట్టుపని మంచిదే. కాని అదొక్కటే వారి పాలికి వచ్చుట న్యాయము కాదు. రక్తపరీక్షలు చేయుట, ఎలక్ట్రానిక్సు, కంప్యూటరు, పశువైద్య సహాయము, పంటల సాగు వారికి చక్కగా తగినవి. మన పొలములలో నాట్లు, కలుపు, కోతలు చేయువారిలో అధికులు స్త్రీలే కాగా, వ్యవసాయ కోర్సు బాలురకు మాత్రమే యనుట వింత.

బాలికలకు పెద్ద అడ్డు దూరము. కోర్సు ఇరువది కిలోమీటర్ల ఆవల నున్నచో తల్లి వద్దనును. 2025 ఆగష్టు 15న రాష్ట్రప్రభుత్వము ఆర్టీసీ బస్సులలో నిర్ణీత తరగతులవానిలో స్త్రీలకు ఉచిత ప్రయాణ సదుపాయము కల్పించినది. ఛార్జీల భారము ఇట్లు తగ్గినను, కళాశాల వేళకు బస్సు రావలెను గదా. ఆ వేళను గూర్చి డిపో అధికారులకు విన్నవించుట గ్రామస్థుల పని. కస్తూరిబా గాంధీ బాలికా విద్యాలయములు, వసతిగృహములు గల చోట్ల కోర్సులు పెట్టినచో మరింత మేలు.

మన్యపు గ్రామములలో

సీతంపేట, గుమ్మలక్ష్మీపురము వంటి గిరిజన ప్రాంతములలో మరొక చిక్కు కలదు. పుస్తకపు తెలుగు సవర బాలునికి రెండవ భాష. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు సవర భాష నేర్చి, ఆ బాలలకై ఆ భాషలోనే పుస్తకములు వ్రాసి మనకు దారి చూపిరి. పనిముట్టు పేరు, అపాయపు హెచ్చరిక బిడ్డకు అర్థమగు మాటలో చెప్పినపుడే శిక్షణ సురక్షితమగును. సీతంపేట కొండలలో అనాస పండును. పంట అంతయు ఒకేసారి సంతకు వచ్చినపుడు ధర పడిపోవును. అనాసను ముక్కలుగాను, రసముగాను నిలువచేయు విద్య ఆశ్రమ పాఠశాలలో నేర్పినచో సంతలో బేరమాడు బలము గిరిజన రైతునకు కలుగును.

గ్రామము చేయవలసినది

అంతయు ప్రభుత్వమే చేయవలెనని కూర్చుండుటయు, ప్రభుత్వము చేయవలసినది అడుగకుండుటయు రెండును తప్పే. ఉచితవిద్యాహక్కు చట్టము క్రింద పాఠశాల యాజమాన్య సంఘములో నాల్గింట మూడువంతుల సభ్యులు తల్లిదండ్రులే. సభ్యులలో సగము మంది స్త్రీలు. ఆ సంఘము ఈ క్రింది పనులు చేయవచ్చును.

మొదట, గడచిన ఐదు సంవత్సరములలో మన ఊరి పాఠశాలనుండి పదవ తరగతి ముగించినవారు నేడెచ్చట నున్నారో, ఏమి చేయుచున్నారో ఒక పట్టిక వ్రాయుడు. ఏ వృత్తి కావలెనో ఆ పట్టికయే చెప్పును. రెండవది, చుట్టుప్రక్కల నేర్పగల వృత్తిదారుల పేర్లు సేకరింపుడు. మూడవది, కోర్సు కోరుచు ప్రధానోపాధ్యాయుని ద్వారా జిల్లా విద్యాశాఖాధికారికి వ్రాతమూలకముగా విజ్ఞప్తి చేయుడు. నోటిమాట గాలిలో పోవును, కాగితము నిలుచును. నాల్గవది, కోర్సు వచ్చిన పిమ్మట నెలకొకసారి పాఠశాలకు పోయి పనిముట్లు వాడబడుచున్నవో లేవో చూడుడు. ఐదవది, ఐ.టి.ఐ., పాలిటెక్నిక్, జూనియర్ కళాశాల ప్రవేశపు తేదీలను గ్రామసచివాలయపు గోడపై పెద్ద అక్షరములతో వ్రాయింపుడు. తేదీ తెలియక దారి తప్పిన పిల్లలు ఇకపై ఒక్కరైనను ఉండరాదు.

కోర్సు లేని ఊరికి అడుగనిదే కోర్సు రాదు. వచ్చినది కాపాడుకొననిదే నిలువదు.

పఠనమండలులలో చర్చించుటకు ప్రశ్నలు

1. మన ఊరిలో మోటారు కాలినపుడు ఎచ్చటికి తీసికొనిపోవుచున్నాము? ఆ పని ఊరిలోనే చేయుటకు ఏమి కావలెను?

2. 1953 నాటి పథకమునకును, నేటి వృత్తివిద్యకును భేదమేమి? ఆ భేదము నిలువవలెనన్నచో పాఠశాల ఏ జాగ్రత్తలు తీసికొనవలెను?

3. మన ఊరి బాలికలకు కుట్టుపని కాక మరి ఏ రెండు వృత్తులు తగును? అడ్డమేమి?

4. పదవ తరగతి పిమ్మట వృత్తివిద్యలో చేరి, ఆపై ఇంజనీరింగు లేక పట్టభద్ర విద్యకు పోవు దారులను వరుసగా చెప్పుడు.